కుచేలుని యింటి బిడ్డలు

భగవంతుని నమ్మినవానికి గ్రాసమునకు లోపముండదని చెప్పవలసి వచ్చినప్పుడు తెలుగువారికి మొదట స్ఫురించునది కుచేలోపాఖ్యానము. పాఠశాలల వార్షికోత్సవములలో దీనిని నాటకముగా ఆడింతురు. కడపటి రంగమున గుడిసె తెర తొలగి మేడ తెర దిగును, చప్పట్లు మ్రోగును. నమ్మినాడు గనుక మేడ లభించెనని ప్రేక్షకులు తృప్తితో ఇండ్లకు పోవుదురు. నేనును అట్టి నాటకములు నాలుగైదు ఆడించినవాడనే. అయినను ఈ అన్వయము కావ్యమునకు న్యాయము చేయదని ఇప్పుడు నా అభిప్రాయము.

ఈ కథ సంస్కృత భాగవత దశమ స్కంధమున 80, 81 అధ్యాయములందున్నది. అందు కుచేలుని భార్య ఆకటిచే కృశించినదిగా, వణకుచు భర్తను సమీపించినదిగా వర్ణింపబడినది. కుటుంబమను మాట కలదు గాని బిడ్డలు కంటబడరు. పోతన బిడ్డలను తెచ్చి మన యెదుట నిలిపెను. వారు ఆకలికి మాడి, ఆకుదొప్పలు చేతబట్టుకొని తల్లియొద్దకు వచ్చి అన్నమడుగుదురు. ఆ మాట తల్లి చెవులకు సూదులవలె గ్రుచ్చుకొనును. ఆమె భర్తను ద్వారకకు పొమ్మనుట అటుపిమ్మటనే. కథ అదియే, ముగింపును అదియే. కాని దొప్పలతో ఆ బిడ్డలు వచ్చి నిలిచిన తరువాత దీనిని కేవలము ఒక విరాగి వైరాగ్యగాథగా చదువుట సాధ్యము కాదు.

ఇది నాకు గ్రంథపఠనమువలన తెలియలేదు. మా చంద్రపూరు బొగ్గుగనుల ఊరు. తెలుగు బడికి వచ్చువారిలో గని కార్మికుల బిడ్డలు పెక్కుమంది. ఒక యేడు మూడు నెలలు నాకు జీతము రాలేదు. మా వీధి చివర కిరాణా దుకాణమువాడు, మరాఠీవాడు, ఉద్దెర ఖాతా వ్రాసికొని బియ్యము, పప్పు ఇచ్చుచుండెను. ఆ దినములలోనే తరగతిలో ఈ పాఠము వచ్చినది. కృష్ణుడు కుచేలుని పాదములు కడుగుట, తన శయ్యపై కూర్చుండబెట్టుట, రుక్మిణి వింజామరము వీచుట ఉత్సాహముతో చెప్పితిని. వెనుక బల్లనుండి ఒక బాలుడు లేచి, “కుచేలుడు అక్కడ మంచిగ తిన్నడు గద సార్, అన్ని దినాలు ఇంటికాడ పిల్లలు ఏం తిన్నరు?” అని అడిగెను. తరగతి నవ్వినది. నేను నవ్వలేకపోతిని.

ఈ ప్రశ్నతో కావ్యమును మరల చదివితిని. భార్య పొమ్మన్నది అర్థము కొరకు. కుచేలుడు బయలుదేరినది దర్శనము కొరకు. దర్శనమే పరమలాభమని తన మనస్సులో అనుకొనెను. ద్వారకలో అతడు నోరు విప్పి ఏమియు అడుగలేదు. వ్యాఖ్యాతలు ఈ మౌనమును నిష్కామ భక్తియని మెచ్చుకొందురు. మెచ్చదగినదే. కాని అతడు అడుగనిది తనకు మాత్రమే కాదు, దొప్పలు పట్టుకొన్న బిడ్డలకును. తన యాకలిని ఓర్చుకొనుట విశ్వాసము కావచ్చును. ఇతరుల యాకలిని వారి తరఫున ఓర్చుకొనుటకు మనకు అధికారమున్నదా? పోతన ఈ ప్రశ్నను పైకి వేయలేదు. వేయుటకు వలసిన సాక్ష్యమును మాత్రము తానే తెచ్చిపెట్టెను.

నా దృష్టిలో కుచేలుని విశ్వాసము కనబడు స్థలము మేడ కాదు, తిరుగు త్రోవ. రిక్తహస్తములతో నడచుచు, ధనము వచ్చినచో మదించి తన్ను మరతునని కాబోలు స్వామి ఈయలేదని సమాధానపడును. స్వామిపై నిష్ఠురము లేదు. అదృష్టమును నిందించుట లేదు. ఇంటికి పోయి ఏమి చెప్పవలెనో తెలియనివాని నోట ఆ సమాధానము తేలికది కాదు. జీతము లేక ఇంటి గుమ్మము తొక్కినవారికి దాని బరువు తెలియును.

దీనికి ప్రక్కన కంచర్ల గోపన్నను నిలిపి చూడదగును. గోలకొండ తానీషా ప్రభుత్వమున పాల్వంచ తహసీలుదారుగా నుండి, సర్కారు సొమ్ముతో భద్రాద్రి ఆలయము కట్టించి చెరసాల పాలైన రామదాసు మౌనము వహింపలేదు. ఎవరికే నగ చేయించితినో, దానికెంత పట్టినదో కీర్తనలలో లెక్కచెప్పి రామునే నిలదీసెను. పిదప తిట్టినందుకు క్షమింపుమని వేడుకొనెను. కుచేలుని మౌనముకంటె ఈ కలహము తక్కువ నమ్మకమని నేననుకొనను. తనది కాదనుకొన్నవానితో ఎవ్వరును పోట్లాడరు.

అయితే కుచేలోపాఖ్యానమున పెద్ద విశ్వాసము ఆ యిల్లాలిదే. ఆమెకు దర్శనము లేదు, సత్కారము లేదు, ద్వారకలో భోజనము లేదు. కృష్ణుడిచ్చునన్న నమ్మికతో భర్తను పంపి, ఆకలిగొన్న బిడ్డలతో ఇంట నిలిచినది. ఉత్త చేతులతో పంపలేదు కూడ. సంస్కృత మూలమున ఆమె విప్రులను యాచించి నాలుగు పిడికిళ్ళ అటుకులు తెచ్చి, గుడ్డలో మూటగట్టి ఇచ్చినది. కృష్ణుడు ఒక పిడికెడు ఆరగించి రెండవది ఎత్తబోగా రుక్మిణి చేయి పట్టుకొనినది ఆ అటుకుల విషయముననే. అనగా ద్వారక సంపద కదలుటకు ముందే ఎవరి యింటనో ఒక డబ్బామూత తీయబడినది. మన హరికథలలో ఆ యిచ్చినవారికి పాత్ర లేదు.

మరునాడు ఈ సంగతి ఆ బాలునికి చెప్పితిని. పిల్లలకు కూడ అట్లే ఎవరైన ఇంత పెట్టియుందురని నా యూహగా చెప్పి కూర్చుండుమంటిని. వాడు కూర్చుండలేదు. “మేడ వచ్చినంక ఆ అటుకులు మళ్ళ ఇచ్చిండ్రా సార్?” అనెను.

మూలమును, పోతనను మరల వెదకితిని. కుచేలుడు సంపదయందు ఆసక్తి లేక, హరిస్మరణము మానక జీవించెనని మాత్రము వ్రాసియున్నది. అటుకుల బాకీ మాట ఎచ్చటను లేదు. నా జీతము వచ్చిన దినమున బడినుండి నేరుగా వీధి చివరకు పోయితిని.