అవతారిక చూసి కావ్య నిర్ణయం
అమెరికన్ టెలివిజన్ శరత్కాల నిరీక్షణపై ఒక పరిశీలన

ప్రతి సమాజానికీ తనదైన నిరీక్షణా కాలం ఒకటి ఉంటుంది. తెలుగునాట సంక్రాంతికి ఏయే చిత్రాలు విడుదలవుతాయి, వాటిలో ఎన్ని నిలుస్తాయి అన్న చర్చ పంట ఇంటికి చేరకముందే మొదలవుతుంది. వారపత్రికలు వెలిగిన రోజుల్లో దీపావళి ప్రత్యేక సంచికలో ఏ రచయిత కథ రానున్నదోనని పాఠకులు ఎదురుచూసేవారు. అమెరికాలో ఇటువంటి నిరీక్షణ డెబ్భై ఏళ్లకు పైగా టెలివిజన్ చుట్టూ అల్లుకొని ఉంది. అక్కడ ఆకులు రాలే కాలం, అనగా సెప్టెంబరు, అక్టోబరు మాసాలు, ప్రసార సంస్థలకు సంవత్సరాది వంటిది. కొత్త ధారావాహికలు ఆ రోజుల్లోనే తెరకెక్కుతాయి. వాటి గుణగణాలపై ఊహాగానాలు మాత్రం వేసవిలోనే ఆరంభమవుతాయి. 1953లో జాతీయ వారపత్రికగా మొదలైన 'టీవీ గైడ్' ఏటా వెలువరించిన శరత్కాల పరిచయ సంచికను అక్కడి ప్రేక్షకులు మనవారు ఉగాదినాడు పంచాంగం విన్నట్లుగానే ఆలకించేవారు. ఏ సంస్థకు ఆదాయమెంత, ఏ నటునికి రాజపూజ్యమెంత, ఎవరికి అవమానమెంత అన్నదే అందులోని సారాంశం.

పంచాంగ శ్రవణంలో ఒక సౌలభ్యం ఉంది. ఏడాది చివర దానిని తిరిగి తెరచి సరిచూసేవారు అరుదు. టెలివిజన్ జోస్యాలను మాత్రం చరిత్ర సరిచూసింది. అలా సరిచూసినప్పుడు ఒక మౌలికమైన ప్రశ్న ఎదురవుతుంది. ఇంకా పూర్తి కాని, చాలా భాగం రాయనైనా రాయని ఒక కృతిపై ముందుగా వెలువడే తీర్పుకు విమర్శగా ఎంత విలువ ఉంది?

ఈ ప్రశ్నకు సమాధానం వెదకాలంటే ఆ ఋతువు పుట్టుకను గమనించాలి. దాని మూలాలు రేడియో యుగంలో ఉన్నాయి. వేసవిలో శ్రోతలు ఆరుబయట గడిపేవారు. ప్రముఖ కళాకారులు విశ్రాంతి తీసుకొనేవారు. ప్రకటనకర్తలు ఖర్చు తగ్గించుకొనేవారు. బడులు తెరచి, పగళ్లు కుదించుకుపోయి, కుటుంబం తిరిగి ఇంటి నాలుగు గోడల మధ్యకు చేరే వేళకు కార్యక్రమాలు కొత్త ఊపిరి పోసుకొనేవి. మోటారు కార్ల కంపెనీలు తమ కొత్త నమూనాలను విడుదల చేసే కాలమూ అదే కావడంతో వాటి ప్రకటనల సొమ్ము ఆ ఆనవాయితీని మరింత బలపరచింది. టెలివిజన్ ఈ క్యాలెండరును యథాతథంగా స్వీకరించింది. 1951 అక్టోబరు 15న సీబీఎస్ సంస్థ ప్రసారం ప్రారంభించిన 'ఐ లవ్ లూసీ'కి ఫిలిప్ మోరిస్ అనే సిగరెట్ల కంపెనీ పోషకురాలు. ఆ ధారావాహిక తొలి ఏడాదిలోనే 35 భాగాలు ప్రసారమైంది. అనంతర దశాబ్దాల్లో ఈ సంఖ్య క్రమంగా 22కు దిగివచ్చింది. అయితే ఒప్పందాల్లో 13 అనే అంకె స్థిరపడింది. సంవత్సరంలో నాలుగో వంతుకు 13 వారాలు. కథ ఎంత సాగాలన్నది కథకుడు కాక వాణిజ్య త్రైమాసికం నిర్ణయించిందన్న మాట.

ఆ క్యాలెండరులో కొత్త ధారావాహిక ఎంపిక జరిగే తీరు మరింత ఆసక్తికరం. ప్రతి సంస్థా పెద్ద సంఖ్యలో రచనలను పరిశీలించి, వాటిలో కొన్నింటికి మాత్రమే 'పైలట్' అనే నమూనా భాగాన్ని తీయిస్తుంది. తీసిన నమూనాల్లోనూ ప్రసారానికి నోచుకొనేవి కొన్నే. మే నెలలో న్యూయార్కులో ప్రకటనకర్తల ఎదుట రాబోయే సంవత్సరపు జాబితాను ఆర్భాటంగా ప్రదర్శిస్తారు. ప్రసార సమయంలో పెద్ద భాగం ఒక్క ప్రేక్షకుడైనా చూడకముందే అమ్ముడుపోతుంది.

తెలుగు కావ్య సంప్రదాయం ఎరిగినవారికి ఈ పైలట్ భాగం అపరిచితమేమీ కాదు. అది ప్రబంధంలోని అవతారిక వంటిది. అవతారికలో కవి తన శక్తినంతా చూపుతాడు. ఇష్టదేవతలను స్తుతిస్తాడు, పూర్వకవులను స్మరిస్తాడు, కృతిభర్త వంశాన్ని కీర్తిస్తాడు, షష్ఠ్యంతాలతో కృతిని ఆయనకు సమర్పిస్తాడు. అవతారిక ముఖం పోషకుని వైపు తిరిగి ఉంటుంది. పైలట్ భాగమూ అటువంటిదే. దానికి తరువాతి భాగాల కంటే ఎక్కువ ధనమూ ఎక్కువ సమయమూ వెచ్చిస్తారు. దాని మొదటి శ్రోత ప్రేక్షకుడు కాదు, ప్రసార సంస్థ అధికారి. ఆయన వెనుక ప్రకటనకర్త. అవతారిక రమణీయంగా ఉండవచ్చు. కాని అవతారికను మాత్రమే చదివి కావ్యాన్ని తూచిన విమర్శకుని మన అలంకార శాస్త్రం సహృదయుడని అనదు. శరత్కాల పరిచయ వ్యాసాలు రాసే విమర్శకుడు చేసేది మాత్రం సరిగ్గా ఆ పనే.

1994 శరత్తు ఇందుకు మంచి ఉదాహరణ. సెప్టెంబరు 18న సీబీఎస్ 'చికాగో హోప్'ను, 19న ఎన్‌బీసీ 'ఈఆర్'ను ప్రారంభించాయి. రెండింటికీ నేపథ్యం చికాగో నగరంలోని ఆసుపత్రే. తొలి వారాల్లో రెండూ గురువారం రాత్రి ఒకే సమయంలో పోటీపడ్డాయి. 'చికాగో హోప్' సృష్టికర్త డేవిడ్ ఇ. కెల్లీ. ఆయన అంతకుముందు రూపొందించిన 'పికెట్ ఫెన్సెస్' 1993, 1994 సంవత్సరాల్లో ఉత్తమ నాటకీయ ధారావాహికగా ఎమీ పురస్కారం పొందింది. అందువల్ల దానిపై ఆశలు పెంచుకోవడం సహజమే. 'ఈఆర్'కు ఆధారం మైకేల్ క్రైటన్ 1974లో రాసిన చలనచిత్ర రచన. అది ఇరవై ఏళ్లపాటు తెరకెక్కలేదు. ఒకేసారి అనేక కథలు పరుగులు తీయడం, వైద్య పరిభాష వివరణ లేకుండా దొర్లిపోవడం అందులోని లక్షణాలు. వీటినే దోషాలుగా ఎంచడానికి అవకాశముంది. ప్రేక్షకులు వాటినే గుణాలుగా గ్రహించారు. 'చికాగో హోప్' వారం మార్చుకొని 2000 దాకా గౌరవప్రదంగానే కొనసాగింది. 'ఈఆర్' మాత్రం 15 సీజన్లు, 331 భాగాలు సాగి 2009 ఏప్రిల్‌లో ముగిసింది.

2006లో ఇటువంటి జంట ఒకే సంస్థలో కనిపించింది. హాస్య కార్యక్రమం తయారయ్యే తెరవెనుక జీవితమే ఇతివృత్తంగా ఎన్‌బీసీ రెండు ధారావాహికలను ప్రారంభించింది. ఒకటి ఆరన్ సోర్కిన్ రచించిన 'స్టూడియో 60'. ఆయన 'ది వెస్ట్ వింగ్' 2000 నుంచి 2003 దాకా వరుసగా నాలుగు ఎమీలు గెలుచుకొంది. ఆ ఏటి నిరీక్షణకు 'స్టూడియో 60' కేంద్ర బిందువు. రెండవది టీనా ఫే రూపొందించిన '30 రాక్'. అది చిన్న హాస్య ధారావాహిక. మొదటిది 22 భాగాలతో, ఒక్క ఏడాదిలోనే ముగిసిపోయింది. రెండవది తొలి రోజుల్లో తడబడినా తన గొంతును క్రమంగా పోల్చుకొని, 2007 నుంచి మూడేళ్లు వరుసగా ఉత్తమ హాస్య ధారావాహికగా ఎమీ పొంది, 2013 దాకా నిలిచింది. గతకాలపు కీర్తి భావికృతికి పూచీ కాదన్నది ఇందులోని గుణపాఠం.

నమూనా భాగం ఆశించినట్లే నడిచిన సందర్భాలు లేకపోలేదు. 2004 సెప్టెంబరు 22న ఏబీసీలో ఆరంభమైన 'లాస్ట్' తొలి భాగం అపూర్వమైన వ్యయంతో తయారైంది. దాని విజయంపై పెట్టుకొన్న ఆశ వమ్ము కాలేదు. అయినా 2010లో వెలువడిన దాని ముగింపుపై ప్రేక్షకులు నేటికీ ఏకాభిప్రాయానికి రాలేదు. అవతారిక ప్రశంసలందుకొంది, ఫలశ్రుతి వివాదానికి గురయింది. మొదటి భాగం విజయాన్ని సూచించగలదేమో కాని, పరిణామాన్ని సూచించలేదు.

కాలమే పరిపక్వం చేసిన కృతుల చరిత్ర మరింత విలువైనది. 1982 సెప్టెంబరు 30న ప్రారంభమైన 'చీర్స్' తొలి సంవత్సరంలో ప్రేక్షక గణనలో అట్టడుగున ఉండిపోయింది. ఎన్‌బీసీ దానిని తొలగించలేదు. అది 11 సీజన్లు నడచి 1993లో ముగిసింది. 'సైన్‌ఫెల్డ్' కథ పరిపాలకులకు ప్రత్యేకంగా చెప్పదగినది. దాని నమూనా భాగం పరీక్షా ప్రదర్శనల్లో రాణించలేదు. శరత్తులో స్థానం దక్కక 1989 జులైలో, ఎవరూ పెద్దగా ఎదురుచూడని వేళ, ప్రసారమైంది. ఆ తరువాత రాత్రి కార్యక్రమాల, ప్రత్యేక కార్యక్రమాల విభాగానికి చెందిన అధికారి ఒకరు తన విభాగపు నిధుల నుంచి సర్దుబాటు చేయగా మరి నాలుగు భాగాలు మాత్రం తయారయ్యాయి. ఆ నాలుగు భాగాల అనుమతి నుంచి పెరిగిన ధారావాహిక 1994-95 సీజన్‌లో దేశంలోకెల్లా ప్రథమ స్థానం పొందింది. ఏ శరత్కాల సంచికా దాని జన్మను చాటలేదు. ఒక చిన్న పద్దు దానిని బతికించింది.

ఓర్పు కరవైన చోట జరిగే నష్టానికి కూడా సాక్ష్యాలున్నాయి. 2010 సెప్టెంబరు 20న ఫాక్స్ ప్రారంభించిన 'లోన్ స్టార్' విమర్శకుల మన్ననలందుకొంది. రెండే భాగాల తరువాత రద్దయింది. అంతకు ముందు, 1994లో ఏబీసీలో మొదలైన 'మై సో-కాల్డ్ లైఫ్' కౌమార జీవితాన్ని అరుదైన నిజాయితీతో చిత్రించినా 19 భాగాలకే పరిమితమైంది. ముందటి ఉదాహరణల్లో నిరీక్షకుల జోస్యం తప్పింది. ఇక్కడ వారి తీర్పు సరైనదే, దానికి బలం లేకపోయింది. గణాంకం ముందు ప్రశంస నిలవలేదు.

ఈ అనుభవం భారతీయ పాఠకునికి పూర్తిగా దూరమైనది కాదు. 13 అనే అంకె దూరదర్శన్ ప్రాయోజిత ధారావాహికల అనుమతుల్లో కూడా వినిపించినదే. 52 భాగాలుగా తలపెట్టిన రామానంద్ సాగర్ 'రామాయణ్' పొడిగింపులతో 78 భాగాలకు చేరి 1988 జులైలో ముగిసింది. రెండూ 13 గుణిజాలే. అంతకంటే బోధకమైనది 'హమ్ లోగ్' అనుభవం. 1984 జులై 7న ఆరంభమైన ఆ ధారావాహికకు రచయిత మనోహర్ శ్యామ్ జోషి. తొలి 13 భాగాల్లో కుటుంబ నియంత్రణ సందేశం కథను మించిపోయిందని ప్రేక్షకులు పెదవి విరిచారు. ప్రసార సంస్థ దానిని నిలిపివేయలేదు. రచనను సవరించుకొనే వ్యవధి ఇచ్చింది. ఉపదేశం వెనక్కు తగ్గి కుటుంబం ముందుకు వచ్చింది. 1985 డిసెంబరులో అది ముగిసేనాటికి భారతీయ టెలివిజన్ కథనానికి ఒక ఒరవడి ఏర్పడి ఉంది. అప్పట్లో దూరదర్శన్‌కు పోటీ లేదన్నది కాదనలేని నిజం. ఏకస్వామ్యం ఇచ్చిన తీరికను ఆదర్శంగా చెప్పుకోవడం సరికాదు. అయితే ఆ తీరిక ఒక కృతిని పండించిందన్న వాస్తవం కూడా మరువరానిది.

అమెరికన్ శరత్తు ఇప్పుడు తన ప్రాభవాన్ని చాలావరకు కోల్పోయింది. 2013 ఫిబ్రవరి 1న నెట్‌ఫ్లిక్స్ 'హౌస్ ఆఫ్ కార్డ్స్' తొలి సీజన్‌ను ఒకేసారి వీక్షకుల ముందుంచింది. పైలట్ లేకుండానే రెండు సీజన్లకు ఒప్పందం కుదిరింది. ఋతువు పోయింది, నమూనా పోయింది, వారం వారం ఎదురుచూపు పోయింది. భాగాల సంఖ్య మాత్రం 13! పాత క్యాలెండరు నీడ కొత్త ఇంట్లోనూ పడింది. 2023లో రచయితల, నటుల సమ్మెల కారణంగా ఆ ఏటి శరత్తు కొత్త కథలు దాదాపు లేకుండానే గడిచింది. ప్రసార సంస్థలు నేటికీ సెప్టెంబరులో కొత్త ధారావాహికలను ఆవిష్కరిస్తూనే ఉన్నా, దేశమంతా ఒకే వారం ఒకే దిక్కుకు చూసే రోజులు గతించాయి.

దీనిని కేవలం విముక్తిగా భావించడం తొందరపాటు. వాణిజ్యం నిర్మించినదే అయినా ఆ ఋతువు ఒక ఉమ్మడి కాలాన్ని ఇచ్చింది. ఏమి రానున్నదో అందరికీ తెలిసేది. ఏమి రద్దయిందో కూడా తెలిసేది. అన్యాయం జరిగితే అది బహిరంగంగా జరిగేది, నిరసనకు తావుండేది. నేడు ధారావాహికలు ఏడాది పొడవునా చడీచప్పుడు లేకుండా పుట్టి, అలాగే కనుమరుగవుతున్నాయి. వీక్షక గణాంకాలలో ఎన్ని బయటికి చెప్పాలన్నది ఆయా సంస్థల ఇష్టం. తెలుగు చానళ్ల దైనిక ధారావాహికలకూ ఋతువు లేదు. అవి వారపు గణాంకాల గాలికి వంగుతూ ఏళ్ల తరబడి సాగుతాయి. తొందరపాటు తీర్పుకు విరుగుడు తీర్పే లేకపోవడం కాదు.

కనుక రాబోయే కృతులను గురించి ముందుగా రాయడం తప్పు కాదు. అందులో విమర్శకుని పాత్ర ఏమిటో తెలిసి రాయాలి. కర్త ఎవరు, పోషకుడెవరు, ఏ సంప్రదాయంలో ఈ కథ నిలుస్తుంది, దానికి ఎంత వ్యవధి ఇచ్చారు అన్న విషయాలను అతడు నిర్భయంగా చెప్పవచ్చు. కృతి మంచిచెడ్డలను మాత్రం మూడు నెలల తరువాత తిరిగి వచ్చి చెప్పాలి. నమూనాలను చూసి అనుమతులిచ్చే అధికార స్థానాలకు కూడా ఇది వర్తిస్తుంది. ఘనమైన అవతారికలకు పెద్ద పద్దులు ఎప్పుడూ దొరుకుతాయి. తొలి భాగంలో తడబడిన రచన కోసం నాలుగు భాగాలకు సరిపడే చిన్న పద్దు ఒకటి విడిగా అట్టిపెట్టడం వివేకం.