మారని ఆంజనేయులు

‘అమృతం’ సీరియల్‌లో అమృతమే మారిపోయాడు. మొదట శివాజీ రాజా, తర్వాత నరేశ్, ఆపైన హర్షవర్ధన్. ఒక్క పాత్రకు ముగ్గురు! అమృతం భార్య సంజీవనిగా వేసిన నటీమణులూ మారారు. ఎవరి పేరు మీద సీరియల్ నడుస్తోందో ఆ మనిషే మారుతుంటే ఇంకో సీరియలైతే మూతపడేది. ఇది మాత్రం 2001 నవంబరులో జెమిని టీవీలో మొదలై, 2007 నవంబరు దాకా 300 పైచిలుకు ఎపిసోడ్లు నడిచింది. ఈ సీరియల్ తీసిన గుణ్ణం గంగరాజు చేసిన మేలు తెలుగువాళ్ల ఆదివారం రాత్రులకు ఇంతా అంతా కాదు.

అది నిలబడటానికి నాకు తోచే కారణం ఒక్కటే. అమృతం స్నేహితుడు ఆంజనేయులు మారలేదు. ఆ పాత్రలో మొదటి నుంచి చివరిదాకా గుండు హనుమంతరావే.

హాస్యంలో రెండో మనిషి పని చాలా కష్టం. రేలంగి, రమణారెడ్డి జంటను ఇష్టంగా చూసినవాళ్లకు ఇది తెలుసు. అమృతం ఏదో పథకం వేస్తాడు, ఆంజనేయులు వింటాడు. ఆ వినడంలోనే ఉంది ఆయన విద్యంతా. ముందు నమ్మకం, వెంటనే అనుమానం, ఆ తర్వాత ‘సరే, ఇరుక్కున్నాం’ అనే ఒప్పుకోలు, అన్నీ ఒక్క మాటైనా లేకుండా ఆ ముఖంలో దాటిపోతాయి. ఎదుటివాడి మాట పూర్తయ్యేదాకా నవ్వును తనవైపు లాక్కోడు. పక్కన ఏ అమృతం నిలబడినా వాడు మనకు పాత స్నేహితుడిలా అనిపించాడంటే, ఆంజనేయులు వాణ్ని అలా చూశాడు కాబట్టే. టైటిల్ పాట కూడా పిలిచేది ఆంజనేయుల్నే!

విజయవాడలో మిఠాయి వ్యాపారం చూసుకుంటూ నాటకాలు వేసిన మనిషి హనుమంతరావు. 1987లో జంధ్యాల ‘అహ నా పెళ్లంట’తో సినిమాల్లోకి వచ్చారు. వందల సినిమాల్లో చిన్న చిన్న వేషాలు వేశారు. ఆ వేషాల్లో ఆయనకు దొరకని జాగా టీవీలో దొరికింది.

ఆ జాగా ఎంతటిదో నాకు టిఫిన్ దగ్గర తెలుస్తుంటుంది. హైదరాబాద్ శివార్లలో మేడ్చల్ నుంచి శామీర్‌పేట వెళ్లే దారిలో, ఔటర్ రింగ్ రోడ్డు వచ్చాక, టిఫిన్ సెంటర్లు బాగా పెరిగాయి. స్నేహితులు కలిసి పెట్టుకున్నవి వాటిలో చాలానే కనిపిస్తాయి నాకు. నేను పొద్దున ఇడ్లీ తినేచోట గల్లాపెట్టె దగ్గరి కుర్రాడు, దోసెలు పోసే భాగస్వామిని ‘అంజిగా, చట్నీ అయిపోయిందిరా’ అని కేకేస్తాడు. అతని అసలు పేరు అది కాదు, ఆంజనేయులు పేరుతో పిలుపు. అమృతం, ఆంజనేయులు కలిసి పెట్టుకున్న అమృత విలాస్ హోటల్ టీవీలో నడిచే రోజుల్లో వీళ్లిద్దరూ బడికెళ్లే పిల్లలు. ఇంటి యజమాని అప్పాజీ అద్దె గొడవలూ, హోటల్లో సర్వర్ సర్వం వడ్డనలూ వాళ్లకు తర్వాత ఫోనులో చూసి చూసి కంఠతా వచ్చేశాయి. ఒక నటుడికి దీనికన్నా పెద్ద బిరుదు ఏముంటుందో నాకు తెలియదు.

2018 ఫిబ్రవరి 19న, మూత్రపిండాల జబ్బుతో, హైదరాబాద్‌లో హనుమంతరావు వెళ్లిపోయారు. 2020లో ఓటీటీలో ‘అమృతం ద్వితీయం’ వచ్చినప్పుడు ఆంజనేయులుగా ఎల్బీ శ్రీరామ్ చేశారు. ఆయన గొప్ప నటుడే. అయినా నా కళ్లు పాత ముఖాన్నే వెతికాయి. ముగ్గురు అమృతాల్ని ఇట్టే ఒప్పుకున్న మనసు కొత్త ఆంజనేయుల్ని ఒప్పుకోలేకపోయింది.

పాత ఎపిసోడ్లు యూట్యూబ్‌లో ఉన్నాయి. ఈ ఆదివారం ఒకటి పెట్టుకోండి. మాట్లాడేది ఎవరైనా సరే, మీరు మాత్రం ఆంజనేయుల్నే చూడండి.