అతుకు కనబడనివ్వని పనితనం

షికాగోలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయపు ఎలక్ట్రానిక్ విజువలైజేషన్ ప్రయోగశాల 2012లో ప్రారంభించిన కేవ్2 అనే వలయాకార గదిలో, ప్రేక్షకుని చుట్టూ 320 డిగ్రీల మేర అమర్చిన 72 ఎల్‌సీడీ పలకలు కలిసి ఒకే దృశ్యాన్ని చూపుతాయి గాని, దానిని గీసేది ఒక్క యంత్రం కాదు, నోడ్‌లు అని పిలిచే 36 కంప్యూటర్ల సమూహం, అంటే క్లస్టర్. ఇటువంటి సమూహంలో ఏ నోడ్ దృశ్యంలోని ఏ భాగాన్ని గీయాలో చెప్పే దీర్ఘచతురస్రపు హద్దును వ్యూపోర్ట్ అంటారు. ఆ హద్దులను కాన్ఫిగరేషన్ ఫైలులో పలక పలకకూ రాసిపెట్టే నిపుణుని ఓర్పు మనసారా మెచ్చదగినది.

పలక పొడవు వెడల్పులు రాసినంత మాత్రాన సరిపోదు. అది గదిలో ఎక్కడ, ఏ కోణంలో నిలిచిందో, దాని అంచుపట్టీ వెడల్పెంతో కూడా లెక్కకు రావాలి, లేకుంటే దృశ్యంలో రెండు పలకల మీదుగా సాగే ఒక వంతెన తీగ అతుకు దగ్గర మెట్టులా విరిగి కనబడుతుంది. అక్కరలేని వ్యూపోర్ట్ ఒకటి పొరపాటున ఒక నోడ్‌కు అంటగడితే, ఎవరూ చూడని బొమ్మను గీస్తూ ఆ యంత్రం వెనకబడుతుంది; నోడ్‌లన్నీ ఒకే క్షణంలో బొమ్మ మార్చడమే ఈ పద్ధతికి ప్రాణం కనుక, మిగిలినవన్నీ దాని కోసం ఆగవలసి వస్తుంది. హద్దులన్నీ సరిగ్గా కుదిరిన నాడు, చూసేవారి తల ఎటు తిరిగినా ఆ తీగ తెగకుండా ఒక పలక నుండి మరో పలకకు సాగిపోతుంది.