మధ్యాహ్నం మూడు గంటల ఊరు

మొన్నామధ్య విజయవాడ నుంచి మా పాత ఇంటి ఓనరుగారు ఫోన్ చేశారు. కోడలికి విదేశంలో ఎమ్మెస్ సీటు వచ్చిందట, రెండు మూడు చోట్ల. కొడుకు కూడా ఉద్యోగం మానేసి వెంట వెళ్తాడట. ‘‘నువ్వు కూడా ఈమధ్యే ఇలా కాపురం ఎత్తేశావు కదా, ఏ ఊరైతే బాగుంటుందో చెప్పు’’ అన్నారు.

‘‘ఎవరికి బాగుండాలండీ? కోడలికా, మీవాడికా?’’ అన్నాను.

ఆయనకి కాస్త చురుక్కుమంది. ‘‘ఇద్దరికీనయ్యా! మొగుడూ పెళ్లాం చెరో ఊళ్లో ఉంటారా ఏంటి?’’

ఉండరు. కానీ ఒకే ఇంట్లో ఉన్నా ఇద్దరిదీ ఒకే ఊరు కాదు. ఈ సంగతి నాకు బోధపడడానికి ఒక వేసవీ, మూడు రైలు ప్రయాణాలూ పట్టాయి.

మా ఆవిడ ఆరేళ్లు జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పింది. పొద్దున ఆరున్నరకి బయల్దేరి, సాయంత్రం స్టడీ అవర్లు కూడా ముగించుకుని వచ్చి, రాత్రి పదింటికి తన పుస్తకం తెరిచేది. సీఎస్‌ఐఆర్ నెట్ మూడోసారి రాసినప్పుడు జేఆర్‌ఎఫ్ వచ్చింది. ఆడవాళ్లకి వయసులో అయిదేళ్ల సడలింపు ఉండబట్టి సరిపోయింది. ఆ తర్వాత ఇంటర్వ్యూలు. బెంగళూరు, పుణె, ఖరగ్‌పూర్ మూడు చోట్లా పీహెచ్‌డీకి రమ్మన్నారు. అయిదేళ్ల మాట.

నేను ప్రూఫులు దిద్దేవాణ్ని. పుస్తకాలు లాప్‌టాప్‌లోకి వచ్చి పడతాయి, దిద్ది పంపిస్తాను. కరెంటూ నెట్టూ ఉంటే ఎక్కడ కూర్చుంటే అదే నా ఆఫీసు. కాబట్టి ‘ఎవరు కదలాలి’ అనేది మా ఇంట్లో చర్చే కాలేదు. చుట్టాలకే మింగుడు పడలేదు. ‘‘చదువుకునేది ఆ అమ్మాయి. నువ్వక్కడ ఏం చేస్తావురా?’’ అన్నాడు పెదనాన్న. ఎగతాళికి అన్నాడు గానీ, అంతమందిలో అసలు ప్రశ్న వేసింది ఆయనొక్కడే.

ఆ ప్రశ్నకి జవాబు మా అమ్మ దగ్గరుండాలి. నాన్నది బదిలీల ఉద్యోగం, తొమ్మిది ఊళ్లు తిరిగాం. నాన్న ఆర్డరు కాగితం జేబులో పెట్టుకొచ్చి ఊరి పేరు చెప్పేవాడు. ఏ ఊరైతే బాగుంటుందని అమ్మని అడగడం నేను వినలేదు. అమ్మ మాత్రం ప్రతిసారీ మూడు విషయాలు అడిగేది. నీళ్లు ఎలాంటివి? పాలు ఎక్కడ దొరుకుతాయి? పక్కన పలకరించే మనిషి ఉందా? మొదటి రెండూ నాన్న కనుక్కొచ్చి చెప్పేవాడు. మూడోదానికి ‘‘వెళ్లాక అదే తెలుస్తుంది’’ అనేవాడు.

దేశం దాటితే ఇలా వెంట వెళ్లేవాళ్లకి ఒక పేరు కూడా పెట్టారు, ‘డిపెండెంట్’ అని. అమెరికాలో విద్యార్థి భార్యకో భర్తకో ఇచ్చే ఎఫ్-2 వీసా మీద ఉద్యోగం చేయకూడదు. బ్రిటన్‌లో 2024 జనవరి నుంచి మామూలు మాస్టర్స్‌లో చేరేవాళ్లు అసలు జంటని తీసుకెళ్లడానికే లేదు, ప్రధానంగా పీహెచ్‌డీ లాంటి పరిశోధన చదువులకే ఆ వీలు. కెనడాలో 2025 జనవరి నుంచి, కనీసం పదహారు నెలల మాస్టర్స్, పీహెచ్‌డీ, మరి కొన్ని వృత్తి కోర్సులు చదివేవాళ్ల జంటకే ఓపెన్ వర్క్ పర్మిట్. యూనివర్సిటీ ర్యాంకులు వేళ్ల మీద లెక్కపెట్టేవాళ్లు కూడా ఈ వీసా నిబంధనల కాగితాన్ని చివర్లో చదువుతారు. రెండేళ్లపాటు ఒక మనిషి పగలంతా ఎలా గడపాలో రాసి ఉండేది అందులోనే.

మాకు వీసా గొడవ లేదు. అయినా ఆ కాగితం లాంటిది మేమూ ఒకటి రాసుకున్నాం. ఒకటి కాదు, రెండు. ఆలోచన మా ఆవిడదే. తను ఊళ్ల పేర్లు పక్కన పెట్టి ల్యాబులకి మాత్రమే మార్కులు వేసింది. గైడు ఏం చేస్తున్నాడు, రిటైర్మెంటుకి ఎన్నేళ్లుంది, సీనియర్లు ఎన్నేళ్లకి థీసిస్ ఇచ్చి బయటపడ్డారు, ఎన్‌ఎమ్‌ఆర్ మిషను మీద శాంపిల్ పెట్టాలంటే ఎన్నాళ్లు ఆగాలి. ఇవన్నీ గైడుని కాకుండా ఆ ల్యాబుల్లో పనిచేసే పిల్లల్ని అడిగింది. కొందరు మెయిల్‌లో పొడిపొడిగా రాసి, ‘ఫోన్ చేయండి’ అని నంబరిచ్చారు. అసలు మాటలు ఫోన్లోనే వచ్చాయి. ఒకచోటి అబ్బాయి, ‘‘మా సార్ చాలా మంచివారండీ’’ అని అయిదు నిమిషాల్లో నాలుగుసార్లు అన్నాడు. ‘‘మీ పేపర్లు ఎన్నొచ్చాయి?’’ అంటే మాట మార్చాడు. ఎక్కడో చెప్పను. ఆ ల్యాబుకి మార్కులు బాగా తగ్గాయి.

నేను గైడ్ల సంగతి వదిలేసి ఊళ్లకి మార్కులు వేయాలి. డబ్బు లెక్కతో మొదలుపెట్టాను. 2023 జనవరి నుంచి జేఆర్‌ఎఫ్ నెలకి 37,000 రూపాయలు, రెండేళ్ల తర్వాత ఎస్‌ఆర్‌ఎఫ్‌గా 42,000. హాస్టలో క్వార్టరో ఇవ్వకపోతే పైన ఇంటద్దె భత్యం. అది కేంద్ర ప్రభుత్వపు ఊళ్ల వర్గీకరణని బట్టి ఉంటుంది. బెంగళూరు, పుణె ఎక్స్ తరగతి నగరాలు, 30 శాతం. అంటే 11,100. ఖరగ్‌పూర్ జెడ్ తరగతి, 10 శాతం. అంటే 3,700. కాగితం మీద నగరమే గెలిచింది. తీరా ఇళ్లు చూడడం మొదలుపెడితే ఆ తేడాని అద్దె మింగేసింది. బెంగళూరులో పది నెలల అద్దె అడ్వాన్సుగా అడిగే పాత ఆచారం ఇంకా కొందరు ఓనర్లు పాటిస్తూనే ఉన్నారు. పుణెలో పదకొండు నెలల ‘లీవ్ అండ్ లైసెన్స్’ కాగితం, అది రిజిస్టరు చేయించి తీరాలి, మధ్యలో బ్రోకరుకి ఒక నెల అద్దె. ఇంకో ముక్క. ఫెలోషిప్ నెలనెలా ఒకటో తారీఖునే పడుతుందని ఎవరైనా చెప్తే నమ్మి చీటీ కట్టకండి.

డబ్బుతో తేలలేదు. అప్పుడు పెదనాన్న ప్రశ్న గుర్తొచ్చింది. అక్కడ నేనేం చేస్తాను? పొద్దున పని ఉంటుంది. రాత్రికి తను వస్తుంది. మధ్యాహ్నం మూడింటికి? ఒక ఫారం దిద్ది, అక్షరాలు అలుక్కుపోతుంటే కళ్లద్దాలు తీసి బల్లమీద పెట్టే వేళ అది. విజయవాడలో ఆ వేళకి నేను చెప్పులు తొడుక్కుని సందు చివర టీ కొట్టుకి వెళ్లేవాణ్ని. పది నిమిషాలు ఎవరో ఏదో అంటారు, నేను వింటాను. ప్రూఫులు దిద్దేవాడికి అదొక వ్యసనం. చెవిలో భాష పడకపోతే రెండు నెలల్లో కన్ను మొద్దుబారుతుంది, తప్పు వాక్యం కూడా ఒప్పుగానే కనిపిస్తుంది.

అందుకని మూడు ఊళ్లకీ మామూలు రోజున వెళ్లి, మధ్యాహ్నం మూడింటికి వీధిలో నిలబడాలనుకున్నాను. ఆదివారం చూసి మోసపోవద్దు. ఆదివారం అన్ని ఊళ్లూ పండగ బట్టలు కట్టుకుంటాయి.

బెంగళూరులో మత్తికెరె వైపు ఇళ్లు చూశాను. దర్శినిలో నిలబడి కాఫీ తాగాను. కాఫీకి వంక పెట్టడానికి లేదు. ఆ ఊళ్లో తెలుగుకీ కొదవలేదు. కాకపోతే మధ్యాహ్నం మూడింటికి ఆ తెలుగంతా ఆఫీసుల్లో ఉంటుంది, రాత్రి ఎనిమిదింటికి ట్రాఫిక్‌లో ఉంటుంది. నేను చూసిన అపార్ట్‌మెంటులో ఆ వేళకి మేలుకుని ఉన్నది వాచ్‌మన్ ఒక్కడే. అతనూ ఫోన్లో రీల్స్ చూసుకుంటున్నాడు.

పుణెలో పాషాణ్. నేషనల్ కెమికల్ ల్యాబొరేటరీ, పక్కనే ఐసర్, చెట్ల నీడ, చల్లగాలి. మనసు లాగింది. అక్కణ్నుంచి పాత ఊళ్లోకి వెళ్తే సగం కొట్లు మూసి ఉన్నాయి. ఒంటిగంట నుంచి నాలుగింటి దాకా పడుకుంటారట. పుణె వాళ్ల ఈ అలవాటు మీద జోకులున్నాయని విన్నాను గానీ, నా పరీక్ష వేళ సరిగ్గా అందులో పడుతుందని ఊహించలేదు. నవ్వొచ్చింది. ఊరు మాత్రం నచ్చింది.

ఖరగ్‌పూర్‌కి ఆశ లేకుండానే వెళ్లాను. మధ్యాహ్నం విజయవాడలో కోరమాండల్ ఎక్కితే మర్నాడు పొద్దుటికి దిగుతాం. ఒకప్పుడు ప్రపంచంలోకెల్లా పొడవైనదని స్కూల్లో బట్టీపట్టిన ప్లాట్‌ఫారం అది, 1,072 మీటర్లు. ఆ రికార్డు తర్వాత గోరఖ్‌పూర్‌కీ, ఆపైన హుబ్బళ్లికీ పోయింది గానీ, పెట్టె చేత్తో పట్టుకుని నడిచేవాడికి రికార్డు ఎవరిదైతేనేం! బయట ‘టోటో’ అనే బ్యాటరీ రిక్షా ఎక్కి ప్రేమ్‌బజార్‌లో రెండు గదుల ఇల్లు చూసుకుని, మూడింటికి గోల్‌బజార్ చేరాను.

ఒక టిఫిన్ కొట్టు ముందు బల్ల ఉంది. టీ చెప్పి, అలవాటుగా ప్రూఫు కాగితాలు బయటికి తీశాను. పక్కన కూర్చున్న పెద్దాయన తొంగి చూశాడు. కాసేపాగి, ‘‘తెలుగేనా బాబూ?’’ అన్నాడు.

‘‘తెలుగేనండీ. మీదే ఊరు?’’

‘‘ఇదే. మా తాత సిక్కోలు నుండి వచ్చేడు, వర్క్‌షాపులో పనికి. నానిక్కడే పుట్టేను, అదే షాపులో రిటైరయ్యేను.’’

బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఇక్కడ వర్క్‌షాపు పెట్టిన రోజుల నుంచీ ఉత్తరాంధ్ర కుటుంబాలు ఈ ఊరికి వచ్చి స్థిరపడ్డాయి. ఐఐటీ పుట్టింది ఎంతో తర్వాత, 1951లో, స్వాతంత్ర్యయోధుల్ని నిర్బంధించిన హిజిలీ జైలు భవనంలో. ఇవన్నీ నేను ఎక్కడెక్కడో చదివినవే. కానీ ఊరి చరిత్ర పక్కన కూర్చుని ‘నాను’ అనడం వేరు.

ఆయన ఒక కాగితం అడిగి తీసుకున్నాడు. శీర్షిక మీద వేలు పెట్టి, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదివాడు. ఒత్తు వచ్చినచోట వేలు కిందికి జరిపి, ఆగి, పైకి తెచ్చాడు. మూడు లైన్లకి నాలుగైదు నిమిషాలు పట్టింది. మధ్యలో టీ కుర్రాడు వచ్చి హిందీలో ఏదో అడిగితే బెంగాలీలో జవాబు చెప్పి, మళ్లీ వేలు పెట్టిన చోటికే వచ్చాడు. ‘‘అమ్మ నేర్పింది అచ్చరాలు. ఏబై ఏళ్లయి ఉంటాది సదివి’’ అన్నాడు. మనవలకి రాదట. ‘‘మాటాడితే అర్థం సేసుకుంటారు. జవాబు మాత్రం హిందీలో.’’

లేచేటప్పుడు ఆ కాగితం మడిచి, ‘‘ఉంచుకుందునా?’’ అన్నాడు. ఎర్ర ఇంకు దిద్దుబాట్లతో ఉన్న, ఎందుకూ పనికిరాని ప్రూఫు. ఉంచుకోమన్నాను.

ఇంటికొచ్చాక కాగితాలు రెండూ పక్కపక్కన పెట్టాం. మా ఆవిడ లెక్కలో యాభైకి ఒకచోటికి నలభై ఒకటి, ఖరగ్‌పూర్‌కి నలభైన్నర, మూడోదానికి ముప్ఫై మూడు. నా కాగితంలో ఖరగ్‌పూర్, పుణె, బెంగళూరు, అదే వరస. నాకు భయమేసింది. నా టీ కొట్టు కోసం తన ల్యాబు మార్పించానన్న మాట అయిదేళ్ల తర్వాత రాకూడదు. అదే చెప్పాను.

‘‘ఏడు మార్కుల తేడా ఉంటే మీ కాగితం చించేసేదాన్ని’’ అంది. ‘‘గైడు కుదరకపోతే ఊరెంత బాగున్నా అయిదేళ్లూ ఏడుపే. అరమార్కు సంగతి వేరు. దానికోసం మీరు వాచ్‌మన్‌తో కలిసి రీల్స్ చూడక్కర్లేదు.’’

ఇంత వివరంగా ఊరు ఎంచుకున్నాక అంతా సుఖమేనని చెప్పను. చైత్ర వైశాఖాల్లో సాయంత్రం ఉన్నట్టుండి కాల్‌బైశాఖి గాలివాన లేస్తుంది, కరెంటు పోతుంది, అవతల ప్రెస్సువాళ్లు ఫోన్ మీద ఫోన్. గోంగూర కోసం గోల్‌బజార్ దాకా పోవాలి. మొదటి ఇంటి ఓనరు అన్నీ మాట్లాడుకున్నాక, ‘‘మీరు ఉద్యోగానికి ఎన్నింటికి వెళ్తారు?’’ అని అడిగి, వెళ్లనని చెప్తే తాళం ఇవ్వడానికి వారం నానబెట్టాడు. మగాడు పగలంతా ఇంట్లో ఉంటాడంటే ఏ ఊళ్లోనైనా అనుమానమే. మా ఆవిడ మాత్రం ఊరిని ఇంకా చూడనేలేదు. పొద్దున తొమ్మిదికి వెళ్తే రాత్రి తొమ్మిదికి సైకిల్ చప్పుడు వినిపిస్తుంది. తనది ల్యాబు ఊరు. దానికి వీధులుండవు, ఫ్యూమ్ హుడ్లుంటాయి. ఖరగ్‌పూర్ అనే ఊళ్లో కాపురం ఉంటున్నది నిజానికి నేనొక్కణ్నే.

దిగిన వారానికి అమ్మ ఫోన్ చేసింది. ‘‘నీళ్లెలా ఉన్నాయిరా?’’ ఉప్పగా ఉన్నాయని చెప్పాను. ‘‘పాలు?’’ ప్యాకెట్టేనన్నాను. మూడోది అడుగుతుందని ఆగాను. అడగలేదు. నేనే గోల్‌బజార్ పెద్దాయన సంగతి చెప్పాను. వేలు పెట్టి చదవడం, కాగితం మడిచి జేబులో పెట్టుకోవడం.

‘‘వెళ్లకముందే చూసుకుని వెళ్లావా ఆయన్ని?’’ అంది.

‘‘ఊఁ.’’

‘‘అలా ముందే చూసుకోవచ్చని నాకు తెలీదురా’’ అంది అమ్మ. తర్వాత ఉప్పునీళ్లతో పప్పు ఉడకదనీ, బిందెలో వేరేగా మంచినీళ్లు పట్టుకోమనీ చెప్పింది.