బీడీకట్ట లేబుల్: ప్రకటన చిత్రం, పేరులేని శ్రమ

పంతొమ్మిదో శతాబ్ది చివర అమెరికా, బ్రిటన్ కంపెనీలు సిగరెట్ పెట్టె నలగకుండా లోపల ఒక అట్టముక్క ఉంచేవి. దానిపైకి క్రమంగా నటీమణులు, క్రీడాకారులు, పక్షులు, ఓడలు చేరాయి. 25 లేదా 50 కార్డులు కూడితేగాని వరుస పూర్తయ్యేది కాదు. బ్రిటన్‌లో 1940 నాటి యుద్ధకాలపు కాగితం కొరతతో ఈ కార్డులు ఆగిపోయినా, సేకర్తల ఆల్బమ్‌లలో నేటికీ భద్రంగా ఉన్నాయి.

ఉత్తర తెలంగాణలో వీటికి దగ్గరగా నిలిచేది బీడీకట్టకు చుట్టే లేబుల్. అయితే కట్ట విప్పితే లేబుల్ చిరుగుతుంది. దాచుకునే అవకాశం తక్కువ. ముదురు రంగులు, గుండ్రటి చట్రంలో యజమాని ముఖం, దేవతామూర్తి, టెలిఫోను వంటి వస్తువు, పెద్ద అంకె దీని సాధారణ సామగ్రి. చదువురాని కొనుగోలుదారు సైతం బొమ్మ పేరుతోనో, అంకెతోనో అడిగి తీసుకోగలగాలి. యజమాని ఫోటో సరుకుకు పూచీకత్తు. ఇంత లెక్కతో రూపొందిన చిత్రాన్ని అమాయకమైన జానపద కళగా మెచ్చుకోవడం తొందరపాటే అవుతుంది.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల నుంచి చూస్తే ఈ లేబుల్ మరోలా అర్థమవుతుంది. సిరిసిల్లలో మగవారు మరమగ్గాలపై, ఆడవారు బీడీలపై ఆధారపడిన ఇళ్లు అనేకం. జగిత్యాల, కోరుట్ల వైపు గల్ఫ్‌కు వెళ్లినవారి ఇళ్లలోనూ ఒళ్లో చాట పెట్టుకొని కూర్చున్న స్త్రీ సుపరిచిత దృశ్యం. తునికాకు తడిపి, కత్తిరించి, తంబాకు వేసి చుట్టి, దారం కట్టి ఆమె కార్ఖానాకు అప్పగిస్తుంది. కూలి వెయ్యి బీడీల లెక్కన. అప్పటికి ఆ బీడీకి పేరు లేదు. కార్ఖానాలో ఏరివేత జరిగి, బట్టీలో వేడి తగిలి, ప్యాకర్లు లేబుల్ అంటించాకే దానికి పేరూ, బొమ్మా వస్తాయి. ఆ బొమ్మలో చుట్టిన మనిషి ఉండదు.

2003 నాటి పొగాకు ఉత్పత్తుల చట్టం ప్రకటనలను నిషేధించినా ప్యాకెట్‌ను మినహాయించింది. 2009 మే 31 నుంచి బొమ్మల హెచ్చరికలు వచ్చాయి. 2016 ఏప్రిల్‌లో వాటి పరిమాణం 85 శాతానికి పెరగడంతో యజమాని ముఖం మూలకు జరిగింది. హెచ్చరిక చూపేది మాత్రం తాగేవారి దేహాన్నే. చుట్టేవారు పీల్చే తంబాకు ధూళికి అక్కడా చోటు దొరకలేదు.

ఆమె ఫోటో ఉన్న కార్డు ఒకటుంది: సంక్షేమ నిధి కింద ఇచ్చే బీడీ కార్మికుల గుర్తింపు కార్డు. వైద్యానికి, పిల్లల ఉపకార వేతనానికి అదే ఆధారం గనుక ఇంట్లో పదిలంగా ఉంటుంది. లేబుళ్లను సేకరించే పరిశోధకులు దానివైపు ఇంకా చూడవలసి ఉంది.