వయోజన విద్యలో సంస్థాగత పరిపాలనా సిద్ధాంతాలు: కోనసీమ నేపథ్యంలో ఒక విమర్శ

సంస్థాగత పరిపాలనా సిద్ధాంతాలను వయోజన విద్యకు యథాతథంగా అన్వయించడంలో ఒక మౌలిక లోపం ఉంది. టేలర్ (1911) కర్మాగార శ్రామికుని, ఫేయోల్ (1916) సంస్థ నిర్వాహకుని, వెబర్ వేతనోద్యోగిని దృష్టిలో ఉంచుకొన్నారు. 1988లో ప్రారంభమైన జాతీయ సాక్షరతా మిషన్ జిల్లా సాక్షరతా సమితుల ద్వారా ప్రధానంగా స్వచ్ఛంద బోధకులపై ఆధారపడింది. వారికి జీతం లేదు. అభ్యాసకులకు నిర్బంధం లేదు. కనుక ఆజ్ఞకు బలం దానిని స్వీకరించేవారి అంగీకారమే అన్న బెర్నార్డ్ (1938) ప్రతిపాదన ఇక్కడ ఎక్కువగా వర్తిస్తుంది.

అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాల శ్రామిక స్త్రీల దినచర్యను వరి నాట్లు, కోతలు, కొబ్బరి పీచు పనులు నిర్ణయిస్తాయి. ఏకరూప కాలపట్టికను అనుసరించే కేంద్రం నాట్ల రోజుల్లో ఖాళీగా ఉంటే, హాజరుపట్టీ దానిని అభ్యాసకుల నిరాసక్తతగా చూపుతుంది. సంస్థ నిర్మాణం పరిసరాలకు తగినట్లుండాలన్న లారెన్స్, లార్ష్‌ల (1967) దృష్టిలో అది నిర్మాణ దోషం.

అయితే సడలింపు జవాబుదారీతనాన్ని హరించరాదు. నిధుల లెక్కలకు, మూల్యాంకనానికి వెబర్ చెప్పిన లిఖిత నియమాలు అవసరమే. కాని లక్ష్యాలన్నీ పైనుంచే నిర్ణయం కాజాలవు. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యతా పాఠాల చర్చ 1992 నాటి సారా వ్యతిరేక ఉద్యమానికి ప్రేరణ అయింది. అక్షరాస్యుల సంఖ్యను మాత్రమే లెక్కించే నివేదికలో ఆ ఫలితానికి చోటుండదు. లెక్కలు, మూల్యాంకనం కార్యాలయానికి, వేళలు, పాఠ్యాంశాలు గ్రామానికి వదలడమే సముచిత విభజన.