తుర్రంఖాన్ వెనుక నిలబడ్డ జమేదారు

సైనిక తిరుగుబాటు మన సాహిత్యంలోకి వచ్చేసరికి ఒక వీరుడి కథ అయిపోతుంది. సిపాయి జీతం, కొలువు షరతు, పైఅధికారి హుకుం అన్నీ జారిపోయి మీసమూ కత్తీ మిగులుతాయి. 1857 నాటి హైదరాబాదు గురించి నేను చదివిన రచనల్లో ఎక్కువ భాగం ఇలాంటివే.

మా సిద్దిపేటలో ఎవడైనా ఎగిరిపడితే "నువ్వేమన్న పెద్ద తుర్రంఖాన్‌వా?" అంటారు. ఆ మాట తుర్రేబాజ్ ఖాన్ పేరు నుంచే పుట్టిందని జనం నమ్మకం. 1857 జూలై 17న మౌల్వీ అలావుద్దీన్‌తో కలిసి, వందలాది రోహిలాలను వెంటబెట్టుకుని, హైదరాబాదులోని బ్రిటిష్ రెసిడెన్సీ మీద దాడి చేసిన మనిషి ఆయన. అలాంటివాడి పేరు వెక్కిరింత కావడం మామూలు విషయం కాదు. మెచ్చుకోలుగా కూడా వాడతారు, నిజమే. అయితే రెండు వాడుకల్లోనూ మిగిలింది తెగువ ఒక్కటే. దాడి ఎందుకు జరిగిందన్నది రెండింటిలోనూ లేదు. మన రచయితలు కూడా ఈ వాడుక దగ్గరే ఆగిపోయారని నా ఫిర్యాదు.

కారణం ఔరంగాబాదులో ఉంది. హైదరాబాదు కంటింజెంట్ అనే సైన్యానికి ఖర్చు నిజాం రాజ్యానిది, హుకుం తెల్లదొరది. ఆ ఖర్చు బాకీల కిందనే 1853 ఒప్పందంతో బేరారు కంపెనీ చేతుల్లోకి పోయింది. అంటే రైతు కట్టిన శిస్తుతో నిలిచిన గుర్రపు దళం రైతు రాజ్యాన్నే కంపెనీకి తాకట్టు పెట్టించింది! 1857 జూన్‌లో ఆ కంటింజెంట్ ఒకటవ అశ్వదళం అడ్డం తిరిగింది. తమ కొలువు దక్కన్ వరకేననీ, సరిహద్దు దాటి ఢిల్లీ పాదుషా మీద కత్తి ఎత్తబోమనీ సవార్ల వాదన. 1780 అక్టోబరులో విశాఖపట్నం సిపాయిలు మద్రాసు పోయే ఓడ ఎక్కం అన్నదీ ఇలాంటి నిరాకరణే.

దీన్ని చిల్లర కోరిక అని కొట్టివేసే విమర్శకులున్నారు. నేను ఒప్పుకోను. 1974 ఏప్రిల్ 25న పోర్చుగల్‌లో నియంతృత్వాన్ని కూల్చిన యువ కెప్టెన్ల ఉద్యమం కూడా అంతకుముందు ఏడాది పదోన్నతుల నిబంధన మీద అసంతృప్తితోనే మొదలైంది. ఆఫ్రికా వలసల్లో తెగని యుద్ధం దాన్ని రాజ్యం మీద ప్రశ్నగా మార్చింది.

ఔరంగాబాదులో అంత వ్యవధి దొరకలేదు. జనరల్ వుడ్‌బర్న్ దళం వచ్చి అణచివేసింది, మరణశిక్షలు పడ్డాయి. జమేదారు చీదాఖాన్ కొద్దిమందితో తప్పించుకుని హైదరాబాదు చేరాడు. జమేదారంటే దేశీయ అధికారుల్లో అట్టడుగు మెట్టు. ఎంత అనుభవమున్నా పైన తెల్ల అధికారి ఉండనే ఉంటాడు. నిజాం నీడ దొరుకుతుందని అతని ఆశ. దివాను సాలార్‌జంగ్ అతణ్ణి పట్టించి రెసిడెన్సీకి అప్పగించాడు. జూలై 17 నాటి దాడి వెనుక ఉన్నది ఆ ఖైదీల విడుదల కోసం నగరంలో రగిలిన కోపం.

ఈ జమేదారుకు మన కథల్లో ఏ పాటి చోటు దొరికింది? అతణ్ణి తీసేస్తే తుర్రేబాజ్ ఖాన్ చేసింది దుందుడుకు పనిగానే కనిపిస్తుంది, సామెతకు మాత్రమే పనికొస్తుంది. సాలార్‌జంగ్‌ను పాలనా సంస్కర్తగా రాస్తున్నాం. రాయవలసిందే. అదే పేజీలో ఈ అప్పగింత కూడా ఉండాలి కదా?

తుర్రేబాజ్ ఖాన్ చివరి ఘట్టం మా ప్రాంతంలోనే జరిగింది. యావజ్జీవ ప్రవాస శిక్ష పడ్డాక 1859 జనవరిలో జైలు నుంచి తప్పించుకున్నాడు. తలకు 5,000 రూపాయల వెల కట్టారు. కొద్ది రోజులకే తూప్రాను దగ్గర చంపి, శవాన్ని హైదరాబాదు తెచ్చి అందరూ చూసేలా వేలాడదీశారు. 2016 దాకా తూప్రానూ సిద్దిపేటా ఒకే మెదకు జిల్లా. ఈ చావును వర్ణించేవాళ్ళు తూటా దాకా వచ్చి ఆగిపోతారు. తూప్రానులో అతణ్ణి అడ్డగించింది కంపెనీ పటాలం కాదు. నిజాం కొలువులోని తాలూక్‌దారు మిర్జా కుర్బాన్ అలీ బేగ్.